గయలో అమ్మ వదిలిన కాయ

మొన్న మా కోడలు బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అంగట్లో, తొక్క తీసి కవర్లో కట్టి అమ్ముతున్న అవరెకాయ పప్పు, అదే అనపకాయ పప్పు, తెచ్చింది. మన రోజుల్లో గింజలు రాత్రే నానబెట్టి, పొద్దున ఇంటిల్లిపాదీ కూర్చుని పితికితే తప్ప ఆ పప్పు గిన్నెలోకి దిగేది కాదు, మీకూ జ్ఞాపకముండే ఉంటుంది. మా నాయన చిక్కపేటలో బట్టల కొట్టు తెరవడం ఆలస్యమైనా సరే, పితకడానికి అందరికంటే ముందు తానే కూర్చునేవాడు.

ఆయన పోయాక, తద్దినం నాడు ఆయన వస్తాడని నమ్మి అమ్మ వీధి తలుపు మూయనిచ్చేది కాదు. తొంభైల్లో చిన్నాయన పట్టుబట్టి అమ్మనూ నన్నూ గయకు బయల్దేరదీశాడు. అక్కడ పిండం పెడితే పితృదేవతలు విష్ణుపాదం చేరతారనీ, ఇక మన ఇంటి పిడికెడు అన్నం కోసం ఏటేటా ఎదురుచూడరనీ రైల్లో దారి పొడుగునా చెబుతూ వచ్చాడు. నేనూ తలూపాను కానీ, నాకు ఆఫీసు సెలవు గురించే బెంగ. అమ్మ మాత్రం నావైపు తిరిగి, "అయితే ఇంగ మీ నాయన మన ఇంటికి రాడా అప్పా?" అని అడిగింది.

పిండాలయ్యాక, ఇష్టమైన కాయ ఒకటి ఇక జన్మలో తిననని అక్కడ వదిలి రావాలి. చిన్నాయన తానెన్నడూ ముట్టని కాకరకాయ వదిలి చేతులు దులుపుకున్నాడు, నేను పొట్లకాయతో సరిపెట్టాను. అమ్మ అవరెకాయ అంది. "బెంగుళూర్లో ఉండుకోని అవరెకాయ లేకుండా ఎట్ల వదినా?" అని చిన్నాయన నవ్వినా ఆవిడ మాట మార్చలేదు.

ఆ తర్వాత ప్రతి చలికాలమూ పప్పు పితికి, పులుసు చేసి మాకు వడ్డించి, తాను మజ్జిగన్నం తినేది. మా ఆవిడ ఒకసారి జాలిపడితే, "నేను తినకుండా ఈ వాసన చూస్తా కూచుంటే మీ మామ వచ్చినట్టే ఉంటాదమ్మా" అంది. గయలో సాగనంపిన మనిషిని ఆవిడ ఇలా ఏటా పిలిపించుకుంటోందని నాకప్పటిదాకా తట్టలేదు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు గయకు విమానాలున్నాయి, బస నుంచి పురోహితుడి దాకా అన్నీ ఫోన్లోనే కుదురుతాయి. అవ్వకూ గయలో పెట్టేద్దామని మా అబ్బాయి ఏటా అంటాడు, నేను మోకాళ్ల నొప్పులనో ఎండలనో చెప్పి వచ్చే ఏడు చూద్దామంటాను. ఆవిడ రాకుండా పోతుందేమోనని నాకు భయం. తద్దినం నాడు దోమలొస్తాయని కోడలు విసుక్కున్నా ఫ్లాటు తలుపు మూయనివ్వను. లిఫ్టు మా అంతస్తులో ఆగిన చప్పుడైతే అటు చూస్తాను.