సలహాకో బిందె

నా చిన్నప్పుడు, వీధి బోరింగు దగ్గర ఆడవాళ్ళంతా బిందెల వరసకోసం పోట్లాడుకునే ఎండాకాలంలో, మా ఇంట్లో మాత్రం నీళ్ళు పొర్లిపోయాయి. గాబు నిండింది, గోలెం నిండింది, చివరికి ఖాళీ పచ్చడి జాడీలు కూడా నిండాయి. అదంతా పక్కింటి నర్సక్క పుణ్యం.

మాది సత్తెనపల్లి దగ్గర ఒక పల్లె. నేను అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. బడికి పోయింది లేదు. అక్షరాలు నా పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. ఆ ఏడు మా పిన్ని పురిటికి పుట్టింటికి వచ్చింది. బంగారంలాంటి పిల్లాడు పుట్టాడు. ఊరంతా నోరు తీపి చేసుకుంది గానీ పిన్ని మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ ఏడ్చినా ఇటు తిరిగేది కాదు. అన్నం ముద్ద పెడితే నోట్లోనే ఉంచుకునేది. అంతకుముందు ఆ మనిషి పత్తి చేలో నవ్విందంటే పక్క చేలోవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు.

గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు. దాచేపల్లి నుంచి పిన్ని అత్తగారు కబురు పంపింది. మిరప కోతలు అయ్యేలోగా కోడలు మామూలు మనిషి కాకపోతే పిల్లాడిని తను తీసుకుపోతుందట, పిన్ని మా దగ్గరే ఉండిపోవాలట.

నర్సక్క గుంటూరులో ఒక ఆసుపత్రిలో, మనసు బాగోలేనివాళ్ళ వార్డులో పనిచేసేది. రోజూ బస్సులో పోయివచ్చేది. కబురు సంగతి విన్న మర్నాడే పిన్నిని వెంటబెట్టుకుపోయి డాక్టరుకు చూపించింది. కాన్పయ్యాక కొందరికి వచ్చే జబ్బేననీ, మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, ఈలోగా పిన్నిని ఒంటరిగా వదలొద్దనీ చెప్పింది. మేం వదల్లేదు. అయితే పక్కన కూర్చున్న ప్రతివాళ్ళూ ఊరుకోకుండా ఒక సలహా చెప్పేవాళ్ళు. పిల్లాడి మొహం చూసైనా లేవమనేవాళ్ళు. మనసు గట్టి చేసుకోమనేవాళ్ళు. మేమంతా కనలేదా అనేవాళ్ళు. అందరికంటే ఎక్కువ మా అమ్మమ్మే. ప్రతి మాటకీ పిన్ని ఇంకాస్త గోడలోకి జరిగేది.

ఒక సాయంత్రం నర్సక్క డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే నిలబడి ఇదంతా వింది.

"పెద్దమ్మా, జ్వరంతో కాలిపోయేదాన్ని చేలోకి దిగమంటావా? ఇది కూడా అంతే. ఇవాళ్టినుంచి ఈ గదిలో సలహా చెప్పినవాళ్ళు బోరింగు కొట్టి ఒక బిందె నీళ్ళు తేవాలి. ఊళ్ళో కబుర్లు ఎన్నయినా చెప్పుకోండి" అంది.

"మరి మనం చెప్పకపోతే దానికెట్టా తెలుస్తుందే?" అంది అమ్మమ్మ.

"అదుగో, మొదటి బిందె."

కాపలా నాకు అప్పజెప్పింది. అంత గొప్ప ఉద్యోగం నేను మళ్ళీ చెయ్యలేదు. ఎదురింటావిడ "చూడమ్మా, నా మాట విని" అంటూనే నాలిక కరుచుకుని తనే బిందె అందుకునేది. మా తాతయ్య తుండుగుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని నీళ్ళు మోస్తుంటే అరుగుల మీదివాళ్ళు ఈలలు వేశారు.

"ఏరా, నువ్వేం కూశావు?"

"ధైర్యంగా ఉండమన్నానురా, అంతే!"

సలహాలు తగ్గేకొద్దీ గదిలో మామూలు మాటలు మొదలయ్యాయి. ఎవరి గేదె ఈనింది, ఎవరి కళ్ళంలో మిరపకాయ తాలు పడింది, ఇలాంటివి. పిన్ని మెల్లగా ఇటు తిరిగింది. మందులు కూడా పట్టుకుంటున్నాయేమో, అన్నం మింగేది. పిల్లాడిని పక్కన పడుకోబెడితే వాడి గుప్పిట్లో తన వేలు పెట్టేది. మాట మాత్రం లేదు.

కోతలు అయిపోయాయి. పిన్ని అత్తగారు పట్టుచీర కట్టుకుని, పిల్లాడికి పట్టడానికి చేతిలో పాలడబ్బాతో ఆటో దిగింది. గట్టి మనిషి. గుమ్మంలోంచే అందుకుంది.

"ఏమ్మా, ఇంకెన్నాళ్ళీ పడక? లేచి తల దువ్వుకుని నలుగురిలో తిరిగితే అదే పోతుంది."

అమ్మమ్మ నావైపు చూసింది. నేను తాతయ్యవైపు చూశాను. ఆవిడ చేతికి బిందె ఇచ్చే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆవిడ పిల్లాడిని ఎత్తుకోవడానికి వంగింది. అప్పుడు మంచంమీద నుంచి బొంగురుపోయిన చిన్న గొంతు వినిపించింది.

"అత్తయ్యా, బిందె."

తాతయ్య నసుగుతూ సంగతి చెప్పాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. "నేనా? వియ్యాలవారింట్లో నీళ్ళు మొయ్యాలా?"

పిన్ని లేచి కూర్చుంది. "అందరూ మోశారు" అంది.

కోడలి నోట మాట విని ఎన్నాళ్ళయిందో ఆవిడకు అప్పుడు తట్టినట్టుంది. కొంగు నడుముకు దోపి, "ఏదే ఆ బిందె!" అని నామీద కేకేసింది.

పట్టుచీర తడుపుకుంటూ, దారి పొడవునా మమ్మల్ని తిడుతూ ఆవిడ వస్తుంటే పిన్ని కిటికీలోంచి చూసి నవ్వింది. ఆ పత్తి చేలోని నవ్వే. దానికి పిల్లాడు ఉలిక్కిపడి ఏడిస్తే, తనే ఎత్తి భుజాన వేసుకుంది. అత్తగారు బిందె దింపి వాళ్ళిద్దరినీ చూసింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని, పాలడబ్బా మాకే వదిలేసి, ఒక్కతే ఆటో ఎక్కింది.

సాయంత్రం ఈ కథంతా చెబితే నర్సక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. వెంటనే, నవ్వింది కదా అని మాత్రలు ఆపొద్దని గట్టిగా చెప్పింది. డాక్టరు చాలన్నదాకా పిన్ని వాడింది.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. మా వీధిలో ఎవరైనా తలుపు వేసుకుని పడుకున్నారని తెలిస్తే ముందు ఆసుపత్రికి తోడు వెళ్తాను. తర్వాత చాటలో చిక్కుడుకాయలు పోసుకుపోయి వాళ్ళ పక్కన కూర్చుంటాను. నాలిక చివరిదాకా వచ్చిన మాటలు మింగుతూ ఈనెలు తీస్తుంటాను. ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళ చెయ్యి కూడా చాటలోకి వస్తుంది.