తాతయ్య పైపులు కడిగిన రోజు

నందిగామలో మేం సాయంత్రం ఆటో ఎక్కే చోట ఒక కిరాణా కొట్టుంది. మొన్నామధ్య బడి వదిలాక అక్కడ నిలబడి ఉంటే, కొట్టాయన బెల్లం దిమ్మెను పగలగొడుతున్నాడు. పక్కనే అరుగు మీద కూర్చున్న ముసలాయన పొగాకు ఈనె తీసి తీరిగ్గా చుట్ట చుట్టుకుంటున్నాడు. ఆ బెల్లం వాసనా ఈ పొగాకు వాసనా గాలిలో కలిసి నా మొహానికి తగిలాయి. తోటి టీచర్లు పిలుస్తున్నా నేను ఆటో ఎక్కలేదు. చిన్ననాటి వాసన ఏదైనా తగిలితే మనసు తేలికవుతుందంటారు. నాకు మాత్రం తల దించుకోవాలనిపించింది.

మా తాతయ్య పేరు యేసుపాదం. మాది వత్సవాయి దగ్గర పల్లె. ఆయన అన్నదమ్ములంతా పత్తి చేలల్లో, మిరప తోటల్లో కూలికి పోయినవాళ్ళే. ఆయనొక్కడే జగ్గయ్యపేట అవతల సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంటమనిషిగా చేరి, ముప్పై ఏళ్ళు అక్కడే వండి, చేతుల మీద నూనె చుక్కల మచ్చలతో ఇంటికొచ్చాడు. మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక పెద్ద ఇంజనీరు, తాతయ్య చేసిన చేపల పులుసు తిని, వెళ్ళిపోయే రోజున తను పొగ తాగే పైపు తీసి ఆయన చేతిలో పెట్టాడట. అదే మొదటిది. ఆ తర్వాత ఒకటి బెజవాడ పాత సామాన్ల వీధిలో బేరమాడి కొన్నాడు. ఒకటి ఊడిపోయిన గొట్టంతో ఎవరో పారేస్తుంటే అడిగి తెచ్చుకుని ఇత్తడి రేకు చుట్టి బాగు చేసుకున్నాడు. నాకు ఊహ తెలిసేసరికి అవి ఆరయ్యాయి. పడక గదిలో చెక్క పలకకు ఆరు గుంటలు చెక్కి, వాటిలో వరసగా నిలబెట్టేవాడు.

ఊళ్ళో చుట్ట కాల్చేవాళ్ళకు కొదవ లేదు. మా నాయనమ్మ కూడా వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పట్టేది. పైపు మాత్రం తాతయ్య ఒక్కడిదే. "ఏంటి దొరగారూ, పొద్దున్నే రైలింజను లేపారే!" అని రోడ్డు మీద పోయేవాళ్ళు ఎగతాళి చేస్తే, ఆయన పైపు నోట్లోంచి తీసి, అచ్చం దొరలాగే తల వంచి దణ్ణం పెట్టేవాడు. తన అన్నదమ్ముల ముందు ఎన్నడూ గొప్పలు పోని మనిషికి బతుకులో ఉన్న ఒకే ఒక్క డాబు అది.

పైపులో వేసే పొగాకు మా వైపు ఎక్కడ దొరుకుతుంది? తనే చేసుకునేవాడు. ఎండు పొగాకును వంటింటి కత్తితో సన్నగా, కొత్తిమీర తరిగినంత ఓపిగ్గా తరిగి, పల్చటి బెల్లం నీళ్ళు చిలకరించి, రెండు లవంగాలు నలిపి కలిపి, నీడన చాప మీద ఆరబోసేవాడు. మిరపకాయల కాలంలో కళ్ళం మీద నుంచి వచ్చే ఘాటు ఊరంతటినీ తుమ్మిస్తుంటే, మా వసారా మాత్రం తియ్యగా, మగ్గినట్టుగా ఒక వాసన వేసేది. క్రిస్మస్ ముందు నాయనమ్మ అరిసెల పాకం పడుతుంటే, గిన్నె అడుగున మిగిలిన పాకం కోసం నేనూ తాతయ్యా పోటీ పడేవాళ్ళం. నాకు తినడానికి, ఆయనకు పొగాకులోకి.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పైపులు శుభ్రం చేసేవాడు. పాత పేపరు పరిచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. గొట్టాన్ని మెల్లగా తిప్పి ఊడదీసి, అందులో కోడి ఈక దూర్చి లాగితే, ఈక నల్లగా, జిగటగా బయటికొచ్చేది. కాంపౌండరు ఇచ్చిన స్పిరిట్ రెండు చుక్కలు గుడ్డ పేలిక మీద వేసి తుడిచేవాడు. పైపులో పొగాకు కూరే గిన్నె లోపల పేరుకున్న మసిని మొద్దు చాకుతో గీకేవాడు కానీ, మొత్తం తీసేవాడు కాదు.

"పలచగా పొర ఉంచాలమ్మడూ. అదుంటేనే చెక్క కాలదు, పొగ కమ్మగుంటది. ఇది రావటానికి ఏళ్ళు పట్టుద్ది. నీళ్ళు మటుకు తగలనీకూడదు."

ఈ మాట ఆయన నాకు ఎన్నో శనివారాలు చెప్పాడు. నాకు తెలియక చేశానని చెప్పుకునే వీలు లేకుండా చెప్పాడు.

ఆరో తరగతిలో నన్ను జగ్గయ్యపేటలో ఇంగ్లీషు మీడియం స్కూల్లో వేశారు. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నా బెంచీలో హోల్‌సేల్ వ్యాపారం చేసే షావుకారి కూతురు కూర్చునేది. ఆ అమ్మాయి యూనిఫాం నుంచి ఎప్పుడూ ఇస్త్రీ వాసనా పౌడరు వాసనా వచ్చేవి. డిసెంబరులో ఒకరోజు ఆమె నా జడ దగ్గర ముక్కు పెట్టి, "నీ దగ్గర చుట్ట కంపొస్తుందే. మీ ఇంట్లో అందరూ కాలుస్తారా?" అంది. అని ఊరుకోలేదు, పుస్తకాలు తీసుకుని ముందు బెంచీలోకి మారిపోయింది. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

మర్నాడు శనివారం. నాయనమ్మ మా నాన్నతో కలిసి పండగ బట్టలకు వెళ్ళింది. తాతయ్య చర్చికి సున్నం వేయిస్తున్నారని అటు వెళ్ళాడు. నేను పొయ్యి మీద నీళ్ళు మరిగించి, చాకలి సోడా గుప్పెడు వేసి, ఆరు పైపులూ గొట్టాలు ఊడదీసి అందులో ముంచాను. నీళ్ళు టీ డికాషనులా ఎర్రబడ్డాయి. తర్వాత వాటిని బయటికి తీసి, కొబ్బరి పీచుతో గిన్నెల లోపలంతా తెల్లచెక్క కనిపించేదాకా తోమాను. తోముతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను, "కంపు, కంపు" అని తిడుతూనే ఉన్నాను. ఆఖరికి వాటిని గోడ మీద ఎండలో ఆరబెట్టాను.

తాతయ్య వచ్చేసరికి రెండు పైపులు పగుళ్ళిచ్చాయి. నల్లగా మెరిసే గొట్టాలు పాచిపట్టినట్టు పాలిపోయాయి. ఇంజనీరు ఇచ్చిన పైపుకు గొట్టం మళ్ళీ దూరలేదు. ఆయన గోడ దగ్గరికి నడిచాడు. ఒక్కొక్కటీ తీసి, గిన్నెలో వేలు పెట్టి చూశాడు. తర్వాత సోడాకు పొక్కిన నా చేతులు చూశాడు.

"ఎవురు తోమారమ్మడూ? నువ్వా?"

నేను తల ఊపాను.

"పండగొస్తందని తాతయ్యవి కూడా తోమిపెట్టావా నా తల్లీ! చేతులు చూడు, ఎట్టా అయినయ్యో!"

కాదని చెప్పాల్సిన క్షణం అదే. నేను మళ్ళీ తల ఊపాను.

ఆయన లోపలికెళ్ళి వెన్న తెచ్చి నా చేతులకు రాశాడు. ఆ సాయంత్రం వాటిలో పగలని పైపొకటి ఏరుకుని, పొగాకు కూరి, నా ఎదురుగానే వెలిగించాడు. సోడా పీల్చుకున్న తడి చెక్క నుంచి ఎలాంటి పొగ వస్తుందో ఊహించుకోండి. కళ్ళ నీళ్ళు తిరిగేలా దగ్గాడు. "బాగుందమ్మా, కొత్తదానిలాగుంది," అన్నాడు.

అది అక్కడితో ఆగినా బాగుండేది. క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ తాతయ్య లేచాడు. దేవుడు తనకిచ్చిన మేళ్ళన్నీ చెబుతూ, చివర్లో నన్ను చూపించి, "నా మనవరాలు చేతులు కాల్చుకుని నా పైపులు తోమింది. ఇంత ప్రేమ ఎవరికి దొరుకుద్దండీ?" అన్నాడు. పాస్టరుగారు పిలిచి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. చప్పట్లు కొట్టారు. కొత్త గౌను వేసుకుని నేను అందరి ముందూ నిలబడ్డాను.

తర్వాత ఆయన పైపు మానేశాడు. దగ్గు పెరిగిందని చెప్పేవాడు. రోజూ వాటిని పొడిగుడ్డతో తుడిచి చెక్కలో పెట్టేవాడు. శనివారాలు ఊరికే కూర్చునేవాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు దొరగారూ అని పిలవడం మానేశారు. నేను ఇంటర్ చదువుతుండగా ఆయన పోయాడు. సమాధానం అనే మా మేనత్త, శవపెట్టె మూసే ముందు, ఇంజనీరు ఇచ్చిన పైపును ఆయన జేబులో పెట్టి, "మనవరాలు తోమిచ్చింది నాన్నా, తీసుకుపో," అని ఏడ్చింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

ఆటో దగ్గర ఆ వాసన తగిలాక వచ్చిన ఆదివారమే అత్తయ్య ఇంటికి వెళ్ళాను. ఎనభైకి దగ్గర పడింది. మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని అంతా చెప్పాను. బెంచీ మారిన అమ్మాయి దగ్గర నుంచి చర్చిలో చప్పట్ల దాకా ఏదీ దాచలేదు.

అత్తయ్య చేతులు ఆగాయి.

"నాకు చెప్తే ఏం లాభమే? వినాల్సినాయన వినకుండానే పోయాడుగా," అంది.

కోపంగా అనలేదు, ఓదార్పుగానూ అనలేదు. ఉన్నమాట అంది. ఇప్పుడు తాతయ్య ఇల్లు లేదు, స్థలం ఎవరో కొనుక్కుని షెడ్డు వేశారు. గెస్ట్‌హౌస్‌లో వంట చేయించుకుని తినేవాళ్ళూ లేరు. పొగాకు అంత సన్నగా తరిగే చెయ్యి మా వంశంలో ఎవరికీ రాలేదు. తాతయ్యను ఎరిగిన పెద్దవాళ్ళలో మిగిలింది అత్తయ్యే. ఆమె సగం చిక్కుళ్ళు నా వైపు తోసింది. పొద్దుపోయేదాకా ఇద్దరం ఒలుస్తూ కూర్చున్నాం.