నెట్టుకి అవతల అమ్మ

నా చిన్నప్పుడు ఉయ్యూరులో మేం చదువుకున్న ఎలిమెంటరీ స్కూల్లో డ్రిల్లు పీరియడ్ ఉండేది గానీ డ్రిల్లు మాస్టారు ఉండేవారు కాదు. టైంటేబుల్లో శనివారం మధ్యాహ్నం చివరి గంట ఆటలని రాసి ఉండేది. ఆ గంటలో పెద్ద క్లాసు మగపిల్లలు కబడ్డీ పేరు చెప్పి కొట్టుకునేవాళ్ళు. చిన్నపిల్లలు దెబ్బలు తగిలించుకుని ఏడ్చేవాళ్ళు. టీచర్లు వరండాలో కూర్చుని పేపర్లు దిద్దుకునేవాళ్ళు. ఇది తొంభైల మొదట్లో మాట. అప్పుడు నేను నాలుగో తరగతి.

ఆ యేడు కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ గారికి ఈ పద్ధతి నచ్చలేదు. మాస్టారు లేకపోతే అమ్మానాన్నలు కూడా లేరా అన్నారు ఆవిడ. చదువుకునే రోజుల్లో ఏదో ఒక ఆట ఆడినవాళ్ళు శనివారం ఒక్క గంట బడికి వచ్చి పిల్లల్ని ఆడించమని ఇంటింటికీ కబురు పంపారు. నాన్నలు విని నవ్వి ఊరుకున్నారు. చెరుకు సీజన్లో ఫ్యాక్టరీ షిఫ్టులూ బండి తోలకాలూ మానుకుని బడికెళ్ళి గెంతులేయడమేమిటని వాళ్ళ వాదన. అమ్మల్లో మాత్రం కొందరు వచ్చారు. అందులో మా అమ్మ ఒకతె.

అమ్మ హైస్కూల్లో టెన్నికాయిట్ ఆడేదట. మేం దాన్ని రింగాట అనేవాళ్ళం. రబ్బరు రింగుని నెట్టు మీదుగా అవతలివాళ్ళ వైపు విసరాలి. వాళ్ళు దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని, పట్టుకున్న చోటి నుంచే తిరిగి విసరాలి. రెండో చెయ్యి తగిలినా, కింద పడినా పాయింటు అవతలివాళ్ళది. పదో తరగతి అవగానే అమ్మకి పెళ్ళి చేసేశారు. ఆ తర్వాత రింగు సంగతి ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తలేదు. మొదటి శనివారం కొంగు నడుముకి దోపుకుని రింగు విసిరింది. అది వంకర పోకుండా, ఊగకుండా, సాఫీగా నెట్టు దాటి వెళ్ళి అవతల మూలన వాలింది. పిల్లలంతా మళ్ళీ వెయ్యమని ఆవిడ చుట్టూ మూగారు. ఆవిడ మా అమ్మ అని పక్క క్లాసు వాళ్ళకి కూడా వెళ్ళి చెప్పొచ్చాను. ఆ గొప్ప ఆ గంట చివరిదాకా కూడా నిలవలేదు.

ఎందుకంటే అమ్మ అందర్నీ వరసలో నిలబెట్టి, నన్ను మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చిట్టచివర నిలబెట్టింది. ఇది మా ఇంటి అలవాటు. క్రిస్మస్‌కి మా చర్చిలో ప్రేమవిందు జరిగినప్పుడు వడ్డన మా వాళ్ళదే. వడ్డించేవాళ్ళ పిల్లలు ఆఖరి బంతిలోనే కూర్చోవాలి. ముందు కూర్చుంటే ముక్కలన్నీ సొంత పిల్లలకే వేసుకున్నారని నలుగురూ అంటారు. మా బంతి వచ్చేసరికి డేక్సాలో పులుసు తప్ప ఏమీ మిగిలేది కాదు. దానికి నేనెప్పుడూ ఏడవలేదు. కానీ రింగు కూర కాదు కదా. అమ్మ ఆటని కూడా వడ్డన కిందే లెక్కేసింది. నా వంతు వచ్చేలోపు లాంగ్‌బెల్ కొట్టేసేవారు. వారం వారం ఇదే తంతు.

వరసలో అందరికంటే ముందు నిలబడేది మా వెనకింటి పిల్ల. అది నా క్లాసే. వాళ్ళమ్మ చెరుకు నరుకుడికి పోయేది. నాన్న ఎడ్లబండి మీద ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. సీజన్లో ఇద్దరికీ ఆదివారం కూడా తీరిక ఉండేది కాదు. దాని తరఫున బడికి వచ్చే మనిషే లేదు కాబట్టి అమ్మ దాన్ని ముందు నిలబెట్టేది. అదయినా ఓర్చుకునేదాన్నేమో. ఆ పిల్లది ఎడమచేతి వాటం. అమ్మ రింగు కాస్త గట్టిగా విసిరితే అది ఎడమచెయ్యి చాపి టక్కున పట్టింది. ఇంకా గట్టిగా విసిరినా పట్టింది. అప్పుడు మా అమ్మ నవ్వింది.

ఆ నవ్వు నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. చుట్టాలొస్తే నవ్వే నవ్వు నాకు తెలుసు. నాన్న ఏదైనా హాస్యమాడితే మొహం తిప్పుకుని నవ్వే నవ్వూ తెలుసు. ఇది అవేవీ కాదు. పళ్ళన్నీ కనపడేలా, ఎవరున్నారో పట్టించుకోకుండా నవ్విన నవ్వు. నా కోసం ఒక్కసారి కూడా అట్లా నవ్వని మనిషి, వెనకింటి పిల్ల కోసం నవ్వింది. వరస చివర నిలబడి అది చూసేసరికి నా ఒళ్ళు భగ్గుమంది.

ఇక అక్కడి నుంచి ఆ పిల్ల ఏం చేసినా నాకు గిట్టేది కాదు. అది మా అమ్మని పిన్నీ అని పిలిచేది. అంతకుముందు నుంచీ అట్లాగే పిలిచేది గానీ ఇప్పుడు ఆ పిలుపే నా సొమ్ము ఎత్తుకుపోతున్నట్టు వినపడేది. ఆటలో కళ్ళ మీద పడుతోందని అమ్మ దాని జుట్టు బిగించి జడేసింది. కట్టడానికి ఏం దొరికిందయ్యా అంటే నా ఎర్ర రిబ్బను. ఇంటికొచ్చాక కూరలు తరుగుతూ నాన్నతో దాని గురించే చెప్పేది, ఆ చెయ్యి చూడాలండీ అంటూ. నేను పలక ముందేసుకుని ఆ పిల్లకి పదమూడో ఎక్కం రాదని నాలో నేను చెప్పుకునేదాన్ని. ఆదివారం చర్చిలో కళ్ళు గట్టిగా మూసుకుని, వాళ్ళ కుటుంబం హనుమాన్ జంక్షన్‌కి మకాం మార్చేయాలని ప్రార్థన కూడా చేశాను. అంతకంటే దూరం ఊరు నాకు అప్పటికి తెలీదు.

బడి వార్షికోత్సవం దగ్గరపడింది. ఆ రోజు రింగాట పోటీలు జంటలుగా పెడుతున్నామని, జంటలో పెద్దవాళ్ళు ఒకరూ, పిల్లలు ఒకరూ ఉండాలని హెడ్‌మిస్ట్రెస్ గారు ప్రేయర్‌లో చెప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. జంట అంటే వరస ఉండదు, చివర ఉండదు. అమ్మా నేనూ, అంతే. వెనకింటి పిల్ల ఎవరితో ఆడుకుంటుందో ఆడుకోనీ. బడి వదలగానే పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట మీద నుంచి తలెత్తి, తను వెనకింటి పిల్లతో ఆడతానని మాటిచ్చానంది.

"దానికి ఇంట్లోంచి ఎవరొస్తారమ్మా? నీకు నాన్న ఉన్నారుగా."

ఆ మాటకి నాకు ఏడుపు కూడా రాలేదు. ఆఖరి బంతిలో పులుసైనా మిగిలేది, ఇక్కడ అదీ లేదు. ఆ రోజు నుంచి అమ్మ చేత జడ వేయించుకోలేదు. నా అంతట నేనే వంకరటింకరగా వేసుకుని బడికి పోయేదాన్ని. అమ్మ అన్నం కలిపి ముద్ద నోటికందిస్తే నాకు చేతులున్నాయన్నాను. ఆవిడ తిట్టలేదు, బతిమాలలేదు. అది ఇంకా కోపం తెప్పించింది.

మా నాన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. జీవితంలో రింగు ముట్టినవాడు కాదు. నా మొహం చూసి, షిఫ్టు దిగి వచ్చాక పెరట్లో నాతో ప్రాక్టీసుకి దిగాడు. ఎంత చెప్పినా వచ్చిన రింగుని రెండు చేతులతో గుండెలకి హత్తుకునేవాడు. ఒంటిచేత్తో పట్టుకోవాలి నాన్నా అని నేను మొత్తుకుంటే, "ఫ్యాక్టరీలో ఏదైనా ఒంటిచేత్తో పట్టుకుంటే కాలి మీద పడుద్దమ్మా" అనేవాడు. ఇన్నేళ్ళ అలవాటు నా కోసం నాలుగు రోజుల్లో పోతుందా. ఓడిపోవడం ఖాయమని తెలిసిపోయింది. ఎవరి చేతుల్లో ఓడినా ఫరవాలేదు, వాళ్ళిద్దరి చేతుల్లో కాకపోతే చాలనుకున్నాను.

వార్షికోత్సవం రోజు మైదానమంతా నీళ్ళు చల్లి ముగ్గుపిండితో కోర్టు గీశారు. ఎవరికి ఎవరు ఎదురో హెడ్‌మిస్ట్రెస్ గారు చదవబోతుంటే అమ్మ లేచి వెళ్ళి ఆవిడతో ఏదో మాట్లాడి వచ్చింది. ఆ తర్వాత చదివారు. మాకు ఎదురు మా అమ్మా, వెనకింటి పిల్లే.

నెట్టుకి అటువైపు వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఆ పిల్ల తలలో నా రిబ్బను అట్లాగే ఉంది. ఆట మొదలవుతూనే వెనకింటి పిల్ల విసిరిన రింగుని నాన్న రెండు చేతులా ఒడిసిపట్టి, పట్టానని మురిసిపోయాడు. మైదానమంతా నవ్వింది. ఆ పిల్లకి దారి దొరికింది.

"పిన్నీ, బాబాయి వైపు వెయ్యండి. గెలిచేస్తాం" అంది.

చిన్నపిల్లయినా తెలివైన మాట. అమ్మ ఆ మాట విని కూడా నా వైపు విసిరింది. చిన్నదాన్నని తగ్గించలేదు. రింగు వచ్చి నా బొటనవేలికి కొట్టుకుని కింద పడింది. ఇంతమందిలో, అందులోనూ ఆ పిల్ల ముందు, నన్ను ఓడించాలనే చూస్తోందనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి వచ్చిన రింగుని పళ్ళు బిగపట్టి పట్టుకున్నాను. పట్టుకున్న కసితోనే తిరిగి విసిరాను, సరిగ్గా అమ్మ మీదికే. ఆవిడ అందుకుని మళ్ళీ నాకే విసిరింది. ఎడమకి వేస్తే ఎడమకి ఉరికాను. నెట్టు దగ్గర జారవిడిస్తే ముందుకి పడబోయి అందుకున్నాను. నాన్న, వెనకింటి పిల్ల ఆట మానేసి మమ్మల్నే చూస్తూ నిలబడిపోయారు.

అట్లా ఎంతసేపు సాగిందో చెప్పలేను. ఒకసారి విసరబోతూ అమ్మ మొహం చూశాను. ఆవిడ రింగుని చూడటం లేదు. నా కాళ్ళు ఎటు కదులుతాయో, నా చెయ్యి ఎటు లేస్తుందో, నన్నే చూస్తోంది. అప్పుడు నవ్వింది. పళ్ళన్నీ కనపడేలా. వరస చివర నుంచి నేను దొంగచాటుగా చూసిన నవ్వు, ఈసారి నాకే ఎదురుగా ఉంది. ఇన్ని వారాల కుళ్ళు ఒక్కసారిగా దిగిపోయి, ఈ ఆట ఇట్లాగే సాగితే బాగుండునని మాత్రం అనిపించింది.

సాగలేదు. నాకు సాయం చేద్దామని నాన్న నా ముందుకి దూకి, అమ్మ విసిరిన రింగుని రెండు చేతులతో గుండెలకి హత్తుకున్నాడు. దాంతో ఆఖరి పాయింటూ పోయి ఆట అయిపోయింది. గెలిచినందుకు వెనకింటి పిల్లకి స్టీలు టిఫిన్ బాక్సు బహుమతిగా ఇచ్చారు. దాన్ని చూసి మళ్ళీ కాస్త కుళ్ళుకున్న మాట నిజం.

ఇంటికి నడుస్తున్నప్పుడు రోడ్డు మీద చెరుకు బళ్ళు ఫ్యాక్టరీ వైపు వరసగా పోతున్నాయి. నాన్న బండివాడిని అడిగి నాకొక గడ ఇప్పించాడు. అది నములుతూ, ఇన్ని రోజులూ నేను సరిగ్గా మాట్లాడని అమ్మని ఉండబట్టలేక అడిగాను, నాన్న వైపు వేస్తే తొందరగా గెలిచేదానివి కదా అని.

"తొందరగా అయిపోవాలని నాకు లేదు" అంది అమ్మ. కాసేపు నడిచాక తనే మళ్ళీ అంది. "నిన్ను పక్కన నిలబెట్టుకుంటే నీ మొహమే కనపడదు నాకు. ఇద్దరం నెట్టు వైపే చూడాలి. ఎదురుగా ఉన్నావు కాబట్టి ఇంతసేపు తనివితీరా చూసుకున్నాను."

ఇంటికి వెళ్ళాక దువ్వెన తీసుకొచ్చి ఆవిడ ముందు కూర్చున్నాను.

అసూయ ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధమవుతుంది. వెనకింటి పిల్లకి ఆటల కోటాలో పోలీసు ఉద్యోగం వచ్చింది. అమ్మ ఇప్పటికీ ఫోన్లో దాని కబుర్లు చెబుతుంటే నాకు ఎక్కడో చురుక్కుమంటుంది. నా పిల్లలు వాళ్ళ మేనత్త వంట మెచ్చుకున్నా చురుక్కుమంటుంది. నేను ప్రేమించినవాళ్ళ పక్కన నా చోటులో ఇంకెవరో ఉన్నారని అనిపించినప్పుడల్లా, ఆ చోటు కోసం తోసుకోవడం మానేసి, వెళ్ళి వాళ్ళకి ఎదురుగా నిలబడతాను. చాలాసార్లు వాళ్ళు నన్నే చూస్తూ ఉంటారు.