చద్దర్ పిండడానికి ఇద్దరు

షోలాపూర్ చద్దర్ మందపాటి నూలు దుప్పటి, పొడిగా ఉన్నా బరువే. నీళ్లలో ముంచితే ఇక పిండడం ఒక్క మనిషి వల్ల కాదు. షోలాపూర్ దాజీ పేటలోని మా ఇంట్లో అమ్మ ఒక కొస, బాపు ఒక కొస పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి మెలిపెట్టేవాళ్లు. సాంచ మీద, అంటే మా మరమగ్గం మీద, దారం తెగితే బాపు పరుగెత్తేవాడు. అమ్మ మూడుసార్లు పిలిస్తే ఒకసారి వచ్చేవాడు. అంతవరకూ తడి చద్దర్ బకెట్లోనే పడి ఉండేది. బీడీలు చుట్టీ చుట్టీ అమ్మ మణికట్లు ఎప్పుడూ నొప్పే. ఆమె అలా ఎదురుచూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఆ కోపంలోనే నాకు మొదటిసారి తట్టింది: ఆడమనిషి ఒక్కతే పిండుకోగల తేలిక చద్దర్ ఒకటి చేయాలని. బాపుకు చెబితే నవ్వాడు.

“వజన్ లేకుంటె అది చద్దరెట్లయితదే? మూతి తుడుసుకునే దస్తీ అంటరు దాన్ని.”

నెల రోజులు ఆయన ప్రాణం తోడేశాను. చివరికి ఒక మగ్గం ఖాళీ చేసి, సన్ననూలు ఎక్కించి, గొణుక్కుంటూ తానే నేసిచ్చాడు. మొదటిది తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాను. దాన్ని అరచేత్తో నిమిరింది, నా బుగ్గనూ నిమిరింది. వారం తర్వాత చూస్తే అది మడత విప్పకుండా పెట్టెలో ఉంది. బకెట్లో మళ్లీ ఆ పాత బరువు చద్దరే.

“నీ కోసమే కద చేసిన! ఇంక ఆయనను బతిమాలుడు ఎందుకే?” అని అరిచాను.

అమ్మ బీడీల చాట పక్కకు జరిపి, గొంతు తగ్గించింది.

“పొద్దంత సాంచల సప్పుడుల ఉంటడు బిడ్డా. తిననీకి వచ్చినా తల ఎత్తడు. గిది పిండేటప్పుడే నా మొకం దిక్కు సూస్తడు. గదొక్కటి తియ్యకు.”

ఆమె మణికట్ల గురించి అంత ఆలోచించిన నేను ఆమెను ఒక్క మాటైనా అడగలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు అశోక్ చౌక్ దగ్గర నాకో చిన్న దుకాణం ఉంది. హాస్టల్ పిల్లలు, ఒంటరిగా ఉండే నర్సులు ఆ తేలిక చద్దర్లే అడుగుతారు. సంతోషంగా ఇస్తాను. మొన్న కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. అమ్మాయి తేలికది తీసుకుంది. నేను దాన్ని పక్కన పెట్టి, బరువుది ఆమె చేతుల్లో పెట్టాను.

“అమ్మో! దీన్ని నేనొక్కదాన్నే ఎట్ల పిండాలె అక్కా?”

“ఒక్కదానివే ఎందుకు పిండుతవ్?” అని, రెండో కొస ఆ అబ్బాయి చేతికిచ్చాను.