దిష్టి ఎంచుకున్న సాళ్లు

ఈ మాట ఇన్నేళ్లుగా నాలోనే ఉండిపోయింది. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, తిన్న ప్రతి ముద్దకూ స్వామికి దండం పెట్టుకోమని నేర్పాడు. అలాగే పెట్టుకున్నాను. పెట్టుకోకూడని దానికి కూడా.

ఆ ఏడు మా పత్తి ఏపుగా లేచింది. మా ఆయనకు నడుం పట్టేసి, గడ్డిమందు కొట్టే పని నా మీద పడింది. మందు గొట్టం మూతికి ప్లాస్టిక్ తొడుగు బిగించి, సాళ్ల మధ్య గడ్డి మీద మాత్రమే పడేట్టు కొట్టాలి. పత్తి ఆకు మీద తుంపర పడితే చెట్టు మాడిపోతుందని ఆయన మరీ మరీ చెప్పాడు. సగం చేను అలాగే కొట్టాను. తొడుగు మాటిమాటికీ గడ్డికి తట్టుకుంటోంది. మర్నాడు పొద్దున్నే తిరుమలకు బయలుదేరాలి, మొక్కు ఉంది. తొడుగు విప్పి గట్టున పడేశాను. గాలి లేచింది. చూశాను. కొట్టడం ఆపలేదు.

కొండ నుంచి వచ్చిన కొన్నాళ్లకే ఆకులు పసుపెక్కి మాడాయి, మొగ్గ రాలింది. అత్త చేలో నిలబడి అడిగింది.

"తొడుగు పెట్టే కొట్టినావా?"

"పెట్టే కొట్టినాను అత్తా."

"అయితే ఇది దిష్టే. మొన్న ఆ సుగుణ గట్టు మీద నిలబడి, 'అక్క చేను సూస్తే కడుపు నిండతా ఉండాది' అనిందంట. దాని కడుపు పండలేదు, మన చేను పండనిస్తాదా?"

"అట్లనే ఉండచ్చు అత్తా."

సుగుణ నా తోడికోడలు. పిల్లల్లేరు. ఆ చివరి మాట నేను అనకుండా ఉండొచ్చు. ఎందుకు అన్నాను? భయమా? లేక పిల్లల్లేని మనిషి మీద నింద వేస్తే ఎవరైనా ఇట్టే నమ్ముతారని నాకు లోలోపల తెలుసా?

తొడుగు పెట్టి కొట్టిన సగం పచ్చగానే నిలబడింది. కాయ నిండుగా పట్టింది. మిగతా సగం గిడసబారి, ఒడి నిండేంత పత్తి కూడా రాలేదు. దిష్టి సాళ్లు ఎంచుకుని తగులుతుందా? ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా వేస్తారేమోనని పత్తి తీత అయ్యేదాకా వణికాను. ఎవరూ వేయలేదు. దానికి స్వామికి దండం పెట్టుకున్నాను.

సుగుణను తీతకు పిలవలేదు. తర్వాత సీమంతాలకూ పిలవలేదు. చివరికి ఆమె తన చూపు మంచిది కాదని తానే నమ్మింది. నన్ను తినేస్తున్నది అదే. మొన్న నా మనవరాలి కోసం వచ్చి, పాప మీద చూపు పడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. తాను కుట్టిన చొక్కా నా చేతికిచ్చి, "నువ్వే ఎయ్యక్కా," అంది.

అప్పుడైనా చెప్పానా? చొక్కా బాగుందన్నాను.

సుగుణ చూపులో ఏ దోషమూ లేదు. చేను మాడ్చింది నేను. ఈ రెండు మాటలూ ఇంతవరకు నేనెక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. రాశాక నాకు ఊపిరి తేలికైంది. సుగుణ ఇంకా తల వంచుకునే నడుస్తోంది.