సెల్‌ఫోను పిల్లికి పెట్టిన చేప

సమయపాలనలో నాకు దక్కిన అత్యున్నత ప్రశంస చేపలమ్మే ఒక స్త్రీది కనుక, దానిని రాసి ఉంచడం న్యాయం.

కోటబొమ్మాళి స్టేషనులో ఆమె సెల్‌ఫోనులోని బొమ్మపిల్లిని నిమురుతుంటే, "ఇదేం కాలక్షేపం?" అని గద్దించాను.

"మా మనవరాలిది బాబూ. పరీచ్చ రాస్తన్నాది. వేళకి మేపకపోతే పిల్లి సిక్కిపోతాది, మనవరాలు ఏడుస్తాది. మీకు వాచీ ఉన్నాది కదా, పదింటికి ఈ సేప నొక్కండి" అని ఫోను నా చేతిలో పెట్టి, రైల్లోంచి గంపలు దించుకోవడానికి వెళ్లింది.

సరిగ్గా పదింటికి చేపబొమ్మను నొక్కాను. పిల్లి తిన్నది.

ఆమె తిరిగివచ్చి, "పిల్లికే పెట్టినారా, మీరు తినీసినారేటి?" అని నవ్వింది. తెర చూసి, "వేళ తప్పనేదు. మా మనవరాలికి సెప్తాను" అంది.

పదవీ విరమణనాడు కప్పిన శాలువా కన్నా ఆ మాటే నాకు గొప్పది. ఆ ఆట తెలిసిన పాఠకులు, ఒక్క చేప చాలదంటే, నా పొరపాటును దిద్దగలరు.