ఐదు గంటల గడి

ఆ శనివారం సాయంత్రం, ఛత్తీస్‌గఢ్‌లో మా ఉక్కు ప్లాంటు కాలనీ అయిన రుఆబాంధాలోని ఆ క్వార్టర్ గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టాను. ఇరవై రెండు జతలు. లెక్కపెట్టడం నా ఉద్యోగం. ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర, క్రేన్లకు బరువులు తగిలించే ఇనుప తాళ్ళను పరీక్షించే పని నాది. ఏ తాడులో ఎన్ని తీగలు తెగాయో, కొక్కెం ఎంత అరిగిందో చూసి కాగితం మీద గళ్ళు నింపుతాను. గడి ఖాళీగా ఉంటే ఆ తాడు పనికి వెళ్ళదు. చర్చిలో కూడా నాకు అలాంటి పనే అప్పగించారు.

మా తెలుగు చర్చిలో ప్రతి శనివారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. ఎవరి ఇల్లు, ఏ టైము, పాటలు ఎవరు పాడాలి, వాక్యం ఎవరు చెప్పాలి, స్పీకరు ఎవరు మోయాలి అన్న జాబితా నా ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. స్పీకరు మోసేది ఎప్పుడూ నేనే. ఆ నెలలోనే యువజనుల కూటానికి ఒక కరపత్రం రాయమన్నారు. రోజువారీ జీవితంలో విశ్వాసాన్ని ఆచరించడం ఎలా అన్నది విషయం. పది అంశాలు రాశాను. మూడోది రోగులను పరామర్శించడం. రాయడంతో ఆపకుండా చేసి చూపిద్దామన్న ఉత్సాహంతో, ఈసారి కూటం మంచం పట్టిన మావ ఇంట్లో పెడదామని నేనే అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. సంఘ పెద్ద నా భుజం తట్టాడు.

ఆయన నాకు నిజంగా మావ కాదు. మా నాన్నతో కలిసి పనిచేసిన మనిషి. విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో ఖలాసీగా చేరాడు. బరువులకు తాళ్ళు కట్టి, చేతి సైగలతో క్రేను నడిపించి, ఎత్తించి, దించడం ఆయన పని. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది గానీ నిలబడి వింటే అర్థమవుతుంది. నిలబడి వినేవాళ్ళు తక్కువ.

ఆయనకు నడుము కింద అరచేయంత పుండు పడింది. కట్టు మార్చే నర్సు గట్టిగా చెప్పిన మాట ఒక్కటే. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. అత్త, అంటే ఆయన భార్య, పాత క్యాలెండరు కాగితం వెనక గళ్ళు గీసి మంచం పక్క గోడకు అంటించింది. కుడి పక్కకు తిప్పితే ‘కు’, ఎడమ పక్కకు తిప్పితే ‘ఎ’. పెన్సిలు దారంతో కట్టి వేలాడుతూ ఉంటుంది. ఇవన్నీ నాకు ఆ శనివారం ముందు తెలియవు. తెలుసుకోలేదు. నా జాబితాలో ఆ గడి లేదు.

కూటం ఐదింటికి మొదలైంది. నేను వెళ్ళేసరికి వంటింట్లో అత్త పెద్ద గిన్నె నిండా ఉప్మా చేస్తోంది. కుడి మణికట్టుకు సిమెంటు కట్టు. వారం కిందట స్నానాల గదిలో జారిందట. కూటం పెట్టుకున్న ఇంటివాళ్ళు టీ, టిఫిను పెట్టడం మాలో ఆనవాయితీ. పెట్టమని ఎవరూ చెప్పరు, వద్దని కూడా ఎవరూ చెప్పరు. రోగి ఇంటికి పరామర్శకు వెళ్తూ, ఒక్క చేత్తో బతుకుతున్న మనిషి చేత ఇరవై రెండు మందికి ఉప్మా చేయించాం. ఆ ఇరవై రెండులో నేనూ ఉన్నాను. మా అమ్మ కూడా ఉంది.

లోపలి గది తలుపు దగ్గరగా వేశారు. వాసన. ఎవరో తెచ్చిన నిమ్మకాయ స్ప్రే కొట్టారు. దాంతో గది నిండా నిమ్మకాయ, దాని కింద మలం, ఆ కింద ఇంకేదో తియ్యగా కుళ్ళిన వాసన. ముక్కు మూసుకున్నట్టు కనపడకుండా పైటలు, రుమాళ్ళు సర్దుకున్నారు. సంఘ పెద్ద ఒకరి భారం ఒకరు మోయడం గురించి నలభై నిమిషాలు చెప్పాడు. బాగా చెప్పాడు, అందుకే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

మూడో పాటలో లోపలి నుంచి కేక వినబడింది. మాట తెలియలేదు, గొంతు తెలిసింది. పాట ఒక్క క్షణం తడబడింది. సంఘ పెద్ద కళ్ళు తెరవకుండానే చెయ్యి పైకెత్తి, సౌండు పెంచమని వేళ్ళతో సైగ చేశాడు. స్పీకరు మీద మీట ఐదు దగ్గర ఉంది. ఎనిమిదికి తిప్పాను. మావ మళ్ళీ కేక వేశాడో లేదో నాకు తెలియదు. తెలియకుండా ఉండటానికే తిప్పాను.

ప్రార్థన అయ్యాక ఉప్మా తిన్నారు.

“అల్లం బాగా తగిలింది వదినా,” అంది మా అమ్మ, రెండోసారి పెట్టించుకుంటూ.

“జీడిపప్పు కూడా ఏసావేటి? ఇంత శ్రమ ఎందుకమ్మా,” అంది ఇంకొకామె, పళ్ళెం చాపుతూ.

తర్వాత ఫొటో. తలుపు తీసి మంచం చుట్టూ రెండు వరుసలుగా నిలబడ్డారు. ఫోను నా చేతిలో ఉంది కాబట్టి అందరి ముఖాలూ చూశాను. ఒక్కరి ఛాతీ కూడా కదలడం లేదు. అందరూ ఊపిరి బిగబట్టి నవ్వుతున్నారు. మావ సంఘ పెద్ద వైపు చూస్తూ, “తిప్పండి... బాబూ... తిప్పండి,” అన్నాడు. పెద్ద వినకుండానే, “ఆమెన్, ఆమెన్,” అని ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి తీసేశాడు. రెండు నిమిషాల్లో గుమ్మం ముందు చెప్పులు మాయమయ్యాయి. ఫొటో చర్చి ఫోను గ్రూపులోకి వెళ్ళింది. కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరుసగా వచ్చాయి.

నేను స్పీకరు వైర్లు చుడుతూ ఉండిపోయాను. అత్త లోపలి నుంచి పిలిచింది.

“బాబూ, ఎల్లిపోకు. ఒక సెయ్యి పట్టు.”

దుప్పటి తీసింది. దాచకుండా చెబుతాను. మలం నడుము నుంచి మోకాళ్ళ దాకా ఎండిపోయి అంటుకుంది. కట్టులోకి ఇంకిపోయింది. కట్టు ఊడి ఒక పక్కకు జారి ఉంది. దాని కింద కనబడింది చర్మం కాదు. నేను వంటింటి తూము దగ్గరికి పరిగెత్తాను. అక్కడ ఇరవై రెండు స్టీలు గ్లాసులు ఉన్నాయి. వాటి మీదే వాంతి చేసుకున్నాను. నేను తిన్న ఉప్మా.

అత్త బకెట్టు నీళ్ళు నా పక్కన పెట్టింది. “కడిగేసి రా. మీ మావ ఒంటిగంట కాణ్ణుంచి అదే పక్క మీదున్నాడు. ఉప్మా హడావిడిలో మూడింటికి తిప్పలేకపోనాను. ఐదుకైనా అవుద్దనుకున్నాను.”

అప్పుడే పెరటి వైపు నుంచి పక్క క్వార్టర్ ఛత్తీస్‌గఢీ దీదీ వచ్చింది. మా చర్చి కాదు, మా మతం కాదు. మూడు నెలలుగా రోజూ ఐదింటికి వచ్చి అత్తతో కలిసి ఆయన్ని ఎత్తి పక్క తిప్పుతున్నది ఆవిడ. మావని చూసి ఆవిడ ముఖం మాడిపోయింది.

“ఇత్‌నే చప్పల్ దేఖే భయ్యా, సోచా ఆజ్ తో ఘర్ కే లోగ్ హైఁ.” ఇన్ని చెప్పులు చూసి, ఈ రోజు సొంతవాళ్ళు ఉన్నారు కదా అనుకుని వెనక్కి వెళ్ళిపోయిందట.

గోడ మీద కాగితం చూశాను. ఆ రోజు మూడు గంటల గడి ఖాళీ. ఐదు గంటల గడి ఖాళీ. మేం రాకపోయి ఉంటే కనీసం ఆ రెండోది నిండి ఉండేది.

ముగ్గురం ఎత్తబోయాం. నేను చంకల కింద చేతులు పెట్టి లాగాను. మావ మూలిగి, తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు:

“లాగకు... లాగితే తోలు ఊడతాది. కింద గుడ్డ ఎయ్యి. రెండు పక్కలా పట్టు. లోడు ఎత్తాలి... ఈడవకూడదు.”

నా చేతుల్లోంచి రోజూ వెళ్ళే తాళ్ళన్నిటికీ ఉన్న మొదటి నియమం అది. ఆయన ఒళ్ళే బరువు, ఆయనే ఖలాసీ. దుప్పటి మడిచి నడుము కింద దూర్చి, తలో అంచు పట్టుకుని, ఆయన “ఊఁ” అన్నప్పుడు ఎత్తాం. ఎలా తుడవాలో, ఎక్కడ తడి ఉండకూడదో అత్త చెప్పింది. వాసన ముక్కులోకి కాదు, నోట్లోకి వచ్చింది. ప్రేమా జాలీ ఏమీ కలగలేదు. ఎప్పుడు అయిపోతుందా అనిపించింది.

సోమవారం నర్సు వచ్చి పుండు అంచు నల్లబడిందని చూపించింది. పదిహేను రోజులు సరిగ్గా పక్క తిప్పితే చూద్దాం, నలుపు పాకితే ఆసుపత్రిలో చేర్చి కోయాల్సిందే అంది. ఆయన బలహీనమైన గుండెతో, ఆ వయసులో కోతకు వెళ్తే ఇంటికి తిరిగి రావడం కష్టమని కూడా చెప్పింది. గుమ్మం బయట మెల్లగా చెప్పింది గానీ లోపల మావ విన్నాడు.

“నానిక్కడే ఉంటాను,” అన్నాడు. అంతే.

నాకు చేతనైన పని చేశాను. పదిహేను రోజుల పట్టిక గీశాను. పగటి గళ్ళకు మనుషులు కావాలి. రాత్రి గళ్ళు అత్త, దీదీ చూసుకుంటామన్నారు. గ్రూపులో పెట్టాను. ఏం చేయాలో స్పష్టంగా రాశాను: ఎత్తడం, మలం శుభ్రం చేయడం, దుప్పటి మార్చడం. దండం పెట్టే చేతులు పదిహేడు వచ్చాయి. పేర్లు రాలేదు. సాయంత్రం సంఘ పెద్ద ఫోను చేశాడు.

“బ్రదర్, ఆడవాళ్ళుండే గ్రూపులో ఆ మాట పెట్టావేంటి?”

“ఏ మాటండీ?”

“అదే... శుభ్రం చేసే మాట. మనది ప్రార్థన పరిచర్య. ఆ పనులకి మనుషులు దొరుకుతారు. మనం మోకాళ్ళ మీద ఉండాలి.”

“మంచం పక్కన మోకాళ్ళ మీదే ఉండి తుడవాలండీ,” అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు. ఆ జవాబు చెప్పినందుకు ఒక గంట సేపు గర్వపడ్డాను. గ్రూపులో అందరినీ అసహ్యించుకుంటూ ఇంట్లో గట్టిగా తిట్టాను. కపటులు, నటులు, ముక్కు మూసుకుని నవ్వేవాళ్ళు అన్నాను. అమ్మ కూరగాయలు తరుగుతూ వింది.

“అయిపోనాదా?”

“ఏంటి?”

“నీ ప్రసంగం. కూటం అక్కడ పెడదామన్నది ఎవుడ్రా? సౌండు పెంచింది ఎవుడు? నాను రెండోసారి ఉప్మా తిన్నాను, నాకు సిగ్గుగానే ఉంది. నీకేటి, నువ్వేమన్నా ఆకాశం నుంచి దిగినావా?”

మర్నాడు పదకొండు గంటల గడిలో అమ్మ రాత కనబడింది. వెళ్ళిన మొదటి రోజు కొంగు ముక్కుకు కట్టుకుందట. రెండో రోజు కట్టుకోలేదట. ఎందుకని అడిగితే, “ఆయనకి నా ముఖం కనపడొద్దేటి?” అంది.

ఐదు గంటల గడి నేను తీసుకున్నాను. డ్యూటీ నుంచి నేరుగా వెళ్ళేవాణ్ణి. వాసనకు అలవాటు పడతారని అంటారు, నేను పడలేదు. నాలుగో రోజున మళ్ళీ వాంతి వచ్చింది, ఆపుకున్నాను. ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బు పెట్టుకున్నా అన్నం ముద్ద దగ్గర గోళ్ళు వాసన వేసేవి. ఒక రోజు ఆయన్ని తుడుస్తుండగా, ఆ రోజు సౌండు పెంచింది నేనే మావా అన్నాను.

“తెలుసు,” అన్నాడు మావ. “పాట... బాగానే పాడారు.” తర్వాత “ఎడం పక్క మడత పడింది, సరి సెయ్యి,” అన్నాడు. క్షమించాడో లేదో నేను అడగలేదు. మడత సరిచేశాను.

పదిహేనో రోజు నర్సు కట్టు విప్పి, నలుపు పాకలేదంది. ఒక అంచున గులాబి రంగు కనబడుతోంది, ఇంకా నెలలు పడుతుంది, ఆసుపత్రి మాత్రం ఇప్పుడు అవసరం లేదంది. అత్త గోడ వైపు తిరిగి నిలబడింది. మావ కళ్ళు మూసుకున్నాడు.

సంగతి చర్చికి తెలిసింది. దేవుడు ప్రార్థన విన్నాడని, వచ్చే శనివారం అక్కడే కృతజ్ఞత కూటం పెట్టాలని పెద్ద అన్నాడు. వద్దని చెప్పడానికే అత్త దగ్గరికి వెళ్ళాను.

“రానీ బాబూ,” అంది ఆవిడ. “నాను టీ పెట్టను. ఐదుకి రమ్మను, పక్క తిప్పే ఏలకి. ఆ బాజా తేకు.”

అదే గ్రూపులో పెట్టాను. ఐదు గంటలు. టీ లేదు. స్పీకరు లేదు. చేతి తొడుగులు ఉన్నాయి.

ఆ శనివారం గుమ్మం ముందు నాలుగు జతల చెప్పులు. మా అమ్మవి, నావి, దీదీవి. నాలుగోవి నల్లగా పాలిష్ చేసిన బూట్లు. సంఘ పెద్ద రావడం నాకు నచ్చలేదు. పక్కకు నిలబడి ప్రార్థన చేసి వెళ్తాడనుకున్నాను. తొడుగులు ఆయన చేతిలో పెట్టాను. కావాలనే కాళ్ళ వైపు నిలబెట్టాను, అక్కడే వాసన ఎక్కువ. ఆయన ఛాతీ ఫొటోలో లాగే ఆగిపోయి ఉంది.

“బ్రదరూ,” అన్నాడు మావ, ముద్ద మాటల్లో. “ఊపిరి తీసుకో. బిగబట్టినోడు లోడు ఎత్తలేడు. జార్చేత్తాడు.”

సంఘ పెద్ద ఊపిరి తీసుకున్నాడు. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. అక్కణ్ణుంచి వచ్చిన ఆ శబ్దం నాకు బాగా తెలుసు. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం కూడా ఆ గదిలోని వాసన లాంటిదే, కాకపోతే అది నా లోపలిది. మేం ముగ్గురం దుప్పటి అంచులు పట్టుకుని నిలబడ్డాం. నాలుగో అంచు మంచం మీద పడి ఉంది. ఎత్తేద్దామా అని అమ్మ నా వైపు చూసింది.

“ఆగండి,” అన్నాడు మావ. “మనిషి రావాల.”

ఆగాం. కుళాయి శబ్దం వినబడింది. సంఘ పెద్ద నోరు కడుక్కుని, తడిసిన చొక్కాతో, పాలిపోయిన ముఖంతో వచ్చి ఆ అంచు పట్టుకున్నాడు. మావ కుడి చెయ్యి, బాగున్న చెయ్యి, మంచం మీంచి కొద్దిగా పైకి లేచింది. వేళ్ళు దగ్గరగా చేర్చి, చూపుడు వేలు మెల్లగా తిప్పాడు. ప్లాంటులో ఖలాసీలు క్రేనుకు చేసే సైగ. ఎత్తమని.

ఎత్తాం. చెయ్యి బోర్లించి, మెల్లగా కిందికి చూపించాడు. దించాం.

దారానికి కట్టిన పెన్సిలు తీసుకుని, ఐదు గంటల గడిలో ‘ఎ’ అని రాశాను.